నీలం జెర్సీ పిల్ల కోసం ప్రార్థన

మా అత్తగారు ప్రార్థనకు కూర్చుంటే ఆవిడ నోట పేరు రాని మనిషి ఇంట్లో ఒక్కరు కూడా మిగలరు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకది వింతగా ఉండేది. చల్లపల్లి దగ్గర మా పుట్టింట్లో అందరం కలిసి జపమాల చెప్పుకునేవాళ్ళం. అందరి నోటా ఒకే మాటలు, కళ్ళు మూసుకుంటే ఏది ఎవరి గొంతో తెలిసేది కాదు. ఇక్కడ అలా కాదు. పొద్దుగూకాక, అన్నాలకు ముందు, హాల్లో చాప వేసుకుని కూర్చుంటాం. ఒక పాట అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకుని పేరుపేరునా మొదలుపెడతారు. ముందు మా ఆయన, ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాన్‌కట్టలు బాగుచేసే ఆయన షెడ్డు, అక్కడ సుత్తి పట్టుకునేవాళ్ళ చేతులూ కాళ్ళూ. తర్వాత నేను, నా నడుం నొప్పి. తర్వాత మా అబ్బాయి, వాడి పరీక్షలు, వాడి బండి ప్రయాణాలు. తర్వాత మా అమ్మాయి. ఆపైన ఉయ్యూరు పక్కన ఆవిడ సొంతూళ్ళో మిగిలిన చుట్టాలు, పై వాటాలో అద్దెకున్నవాళ్ళ పసిబిడ్డ. ఒక్కొక్కరికి ఒక్కో మాట. ఎవరికి ఏం అడగాలో ఆవిడకు తెలుసు. అన్నం చల్లారిపోతోందని నేను ఎంత విసుక్కున్నా, నా పేరు వచ్చేసరికి మాత్రం చెవులు రిక్కించేదాన్ని.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా జ్వరంతో పోయాడు. మామూలు జ్వరమే అనుకున్నాం, మాత్రలు వేసుకుని పడుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చాక చర్చి సంఘమంతా మా ఇంట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. ఆడవాళ్ళు మోకాళ్ళ మీదనుంచి లేవలేదు. మా అత్తగారైతే ఏడవలేదు కూడా, బిడ్డ లేచి వస్తాడని అంత నమ్మకం. వాడు లేవలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాటి సాయంత్రం మళ్ళీ చాప పరిచారు. మా ఆయన పేరు అయింది. నా పేరు అయింది. ఆవిడ ఒక ఊపిరి తీసుకుని మా అమ్మాయి పేరు చెప్పారు. నేను కళ్ళు తెరిచాను. ఆవిడ కళ్ళు మూసే ఉన్నాయి. వాడి పేరు ఉండాల్సిన చోట ఆ ఊపిరి తప్ప ఏమీ లేదు.

అడిగాను. ఒకసారి కాదు, చాలాసార్లు అడిగాను.

"పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదమ్మాయ్," అన్నారు. "వాడు ఆయన దగ్గరికి ఎళ్ళిపోయాడు. ఇంక మనం అడిగేదేముంది?"

"పేరు తలిస్తే ఏం పోతుందత్తయ్యా?"

"తలుస్తానే ఉన్నా. ప్రార్థనలో కాదు."

మా పుట్టింటి వైపు, కేథలిక్కుల్లో, అలా కాదు. నవంబరులో ఆత్మల పండుగకు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాం, పోయినవాళ్ళ పేరున పూజ చెప్పిస్తాం, ఫాదర్ గారు ఆ పేర్లు పైకి చదువుతారు. ఏటా చల్లపల్లి వెళ్ళి మా వాడి పేరున పూజ చెప్పించి వస్తూనే ఉన్నాను. కానీ నాకు కావలసింది అది కాదు. నాకు ఈ ఇంట్లో కావాలి, ఈ చాప మీద, వాడు పుట్టిన నాటి నుంచీ వాడి పేరు పలికిన ఆ నోటితోనే కావాలి. మా ఆయనకు ఈ సంగతి తెలుసు. మా ఇద్దరి మధ్య ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన లేచి టీవీ రిమోట్ వెతుక్కునేవారు. లారీల కింద దూరి టన్నుల బరువు ఎత్తించే మనిషికి తల్లీ పెళ్ళాల మధ్య ఒక్క మాట ఎత్తడం చేతకాలేదు.

మా అమ్మాయి ఇంటర్‌కి వచ్చింది. కాలేజీ నుంచి వస్తే గదిలో చేరి ఫోన్‌లో ఆట ఆడుకునేది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆడుకున్న ఆటే, వాడి ఫోన్‌లోనే. పరుగు పందాల ఆట అది. మన తరఫున ఒక పిల్ల పరిగెడుతుంది. పోటీగా ఇంకో పిల్ల ఉంటుంది, నీలం జెర్సీ, నుదుటి మీద జుట్టులో ఒక తెల్లపాయ. ఎప్పుడూ వెనకనుంచి వచ్చి చివరి మలుపులో దాటేస్తుంది. ఆటలో కథ సగానికి వచ్చాక ఆ పోటీ పిల్ల అదే చివరి మలుపులో పడి కాలు విరగ్గొట్టుకుంటుంది. ఆ తర్వాత మనం మిగతా పందాలన్నీ ఆమె లేకుండానే పరిగెత్తాలి. మా వాడు ఆట ఆపేసింది సరిగ్గా ఆమె పడిన చోటే. ఆ వారమే జ్వరం వచ్చింది. చెల్లెలు ఎన్నాళ్ళకో ఫోన్ తెరిచింది కానీ అక్కడినుంచి ముందుకు వెళ్ళలేదు, మొదటికి వచ్చి పాత పందాలే మళ్ళీ మళ్ళీ ఆడుకునేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు మా అమ్మాయి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతుంటే మా అత్తగారి చెవిన పడింది. "కాలు విరిగి ఆసుపత్రిలో ఉందే. తనతో పోటీ లేకపోతే నాకు పరిగెత్తాలనే లేదు," అంటోంది.

ఆవిడ గుమ్మంలో నిలబడిపోయారు. "ఎవరే ఆ పిల్ల?"

"నాకు పోటీగా పరిగెత్తే అమ్మాయి నాన్నమ్మా."

"అయ్యో తల్లీ, ఎట్టా ఇరిగిందే?"

"పందెంలోనే. మలుపు దగ్గర పడిపోయింది."

అది అబద్ధం చెప్పలేదు. చెప్పిందంతా నిజమే, ఆటలోది అన్న ఒక్క మాట తప్ప. ఆ మాట చెబితే ఫోన్ లాక్కుంటామని భయం. మా అత్తగారి సంతోషం వేరు. అన్న పోయిన దగ్గర్నుంచీ ఎవరితోనూ కలవని పిల్ల ఎక్కడో మైదానంలో పరుగులు తీస్తోందని, దానికి ఒక స్నేహితురాలు కూడా ఉందని ఆవిడకు మొదటిసారి తెలిసింది. ఎక్కడ పరిగెడుతున్నావు, ఎప్పుడు పరిగెడుతున్నావు అని అడగనైనా లేదు. ముసలివాళ్ళకు కావలసిన సంగతి దొరికితే ఆరాలు తీయరు.

ఆ సాయంత్రం ప్రార్థనలో మా ఆయన పేరు అయింది, నా పేరు అయింది. ఆవిడ ఊపిరి తీసుకున్నారు. "మా పిల్లతోపాటు పరిగెత్తే ఆ బిడ్డని జ్ఞాపకం చేసుకో ప్రభువా. కాలు ఇరిగి మంచంలో ఉంది. ఈ బిడ్డనైనా లేపు," అన్నారు.

ఈ బిడ్డనైనా! నా ఒళ్ళు మండిపోయింది. ముఖమైనా చూడని పిల్లకు, ఊరూ పేరూ తెలియని పిల్లకు, నా కొడుకు చోటు ఇచ్చారు. ఆ రోజు నేను ఆమెన్ అనలేదు.

తర్వాత ప్రతి సాయంత్రమూ అంతే. పొద్దున్నే కాలేజీకి బయల్దేరుతుంటే మనవరాల్ని ఆపి, "ఆ పిల్లకి ఎట్టా ఉందే?" అని అడగడం. అది "అలాగే ఉంది నాన్నమ్మా" అనడం. రోజూ అదే జవాబు చెప్పలేక కాబోలు, అది ఆటలో ముందుకు కదిలింది. వాళ్ళన్న ఆగిపోయిన చోటు దాటి, ఆ నీలం జెర్సీ లేని పందాలు ఒక్కొక్కటే ఆడటం మొదలుపెట్టింది. "ఇవాళ కట్టు విప్పారంట," "ఇవాళ కర్ర పట్టుకుని నడిచిందంట," అని నాన్నమ్మకు చెప్పేది. ఆటలో మధ్యమధ్య వచ్చే బొమ్మల్లో ఆ పిల్ల అలాగే కోలుకుంటూ ఉండేది.

ఆ పిల్ల ఎవరో నాకే అనుమానం వచ్చి గదిలోకి వెళ్ళి మా అమ్మాయిని నిలదీశాను. దాచలేదు. ఫోన్ చూపించింది.

"ఇదా? దీని కోసమా మీ నాన్నమ్మ రోజూ ప్రార్థన చేస్తోంది?"

"అమ్మా, ఇది ఉత్త బొమ్మ కాదు," అంది. "నిజంగా ఉండేది. మనిషి కాదు, గుర్రం."

ఇంకో దేశంలో ఒక పందెపు గుర్రం ఉండేదట, ఆడగుర్రం. నుదుటి మీద తెల్లమచ్చ. దాన్ని ఓడించిన గుర్రం లేదట. చివరి పందెంలో మలుపు తిరుగుతుండగా ముందరి కాలు విరిగిందట. గుర్రానికి కాలు విరిగితే బాగుచెయ్యడం కష్టమట, ఆ సాయంత్రమే సూది మందు ఇచ్చి ప్రాణం తీసేశారట. ఆట తయారుచేసినవాళ్ళలో ఎవరో చిన్నప్పుడు దాన్ని చూశారట. దాని మచ్చను పిల్ల జుట్టులో తెల్లపాయగా పెట్టి, ఆటలోనైనా పందెం పూర్తి చేయించాలనుకున్నారట. ఇదంతా వాళ్ళన్న దానికి చెప్పిన కథ.

"అన్నయ్యకి మన తరఫు పిల్ల కన్నా ఈ పిల్లే ఇష్టం అమ్మా. ఓడిపోతే దీని చేతిలోనే ఓడిపోవాలి అనేవాడు. తిరిగి వచ్చాక ఎలా పరిగెడుతుందో వాడు చూడలేదు."

నేను వంటింట్లోకి వచ్చేశాను. మా అత్తగారికి చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చేది. కానీ మా అమ్మాయి ఆట మళ్ళీ ముందుకు ఆడుతోంది, అన్నం సరిగ్గా తింటోంది, అన్న మాట దానంతట అదే ఎత్తింది. కానివ్వమని ఊరుకున్నాను.

ఆట ముగింపుకు వచ్చింది. ఆ పోటీ పిల్ల తిరిగి వచ్చి మైదానంలో నిలబడింది, చివరి మలుపు దాటింది, గెలిచింది. మా అమ్మాయి ఏడుపూ నవ్వూ కలిసిపోయిన ముఖంతో హాల్లోకి పరిగెత్తుకొచ్చి, "నాన్నమ్మా, లేచింది! పరిగెత్తింది! నన్ను ఓడించింది!" అని ఆవిడ మెడ కావలించుకుంది. ఆవిడ దాని వీపు నిమురుతూ స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. మనవడు పోయినప్పుడు కూడా చూడలేదు.

ఆ ఆదివారం పటమటలో మా సంఘంలో, సాక్ష్యాల వేళ, దేవుడు చేసిన మేలు చెప్పదలచినవాళ్ళు లేవండని పాస్టరు గారు అన్నప్పుడు మా అత్తగారు ముందు కుర్చీ పట్టుకుని లేచారు. ఒకప్పుడు ప్రతి ఆదివారం లేచే మనిషి. మా వాడు పోయాక లేవడం మానేశారు.

"సంఘానికి వందనాలండీ," అని మొదలుపెట్టారు. "నా మనవడి కోసం మీరందరూ నాతోపాటు మోకాళ్ళేశారు. దేవుడు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు తెలీదు. అప్పట్నుంచీ సాక్ష్యం చెప్పటానికి నా నోరు రాలేదు. ఇప్పుడు మా మనవరాలి స్నేహితురాలు, పందెంలో కాలు ఇరిగి మంచాన పడింది. ఈ బిడ్డనైనా లేపమని అడిగా. లేపాడండీ. మొన్న పరిగెత్తింది. గెలిచింది. నా మాట ఆయన ఇంటానే ఉన్నాడు."

హాలంతా స్తోత్రం అంది. చప్పట్లు కొట్టారు. నా పక్కన మా అమ్మాయి పాటల పుస్తకంలో ముఖం దాచుకుంది. నాకు మాత్రం ఒకటే వినిపించింది. నా మనవడు అన్నారు. నిండు సభలో, దేవుడు వినని ప్రార్థనకు ఉదాహరణగా, పేరు లేకుండా.

ఇంటికి ఆటోలో వస్తున్నాం. మా ఆయన వెనక బండి మీద వస్తున్నారు. అత్తగారు హుషారుగా ఉన్నారు. "ఆ పిల్లని ఒకసారి ఇంటికి పిలవ్వే, చూస్తా. చేపల పులుసు చేసి పెడతా. కాలిరిగిన పిల్ల, బలం రావాలి," అన్నారు.

ఇక ఆగలేకపోయాను. "ఆ పిల్ల రాదత్తయ్యా. అది పిల్ల కాదు. ఫోన్లో ఆటలో బొమ్మ. ఎక్కడో ఒక గుర్రం కాలు విరిగి చచ్చిపోతే దాన్ని చూసి గీశారు. మీరు ఇన్నాళ్ళూ చచ్చిపోయిన గుర్రానికి ప్రార్థన చేశారు. నా కొడుక్కి మాత్రం చెయ్యనన్నారు."

ఆటో అతను అద్దంలోంచి ఒకసారి చూశాడు. మా అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నందుకు నేను అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. ఎవరో ఒకరు అనాలి.

"గుర్రమా?" అన్నారు మా అత్తగారు.

ఆ సాయంత్రం చాప మీద కూర్చుని కొడుకుతో, "నువ్వు చెయ్యరా," అన్నారు. మా ఆయన తడబడుతూ, అందర్నీ కాపాడు ప్రభువా అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరి పేరూ రాలేదు. మర్నాడూ అంతే. ఆవిడ గోడకానుకుని తల వంచుకుని వినేవారు. మేం ఎవరి గురించీ ఏమీ అడగకుండానే అన్నాలు తినేవాళ్ళం. అన్నం వేడిగా ఉండేది. అంత రుచీపచీ లేని అన్నం నేను ఎన్నడూ తినలేదు.

వారం మధ్యలో ఒక మధ్యాహ్నం కాలేజీకి సెలవు. ఆవిడ మనవరాల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఆ గుర్రాన్ని చూపించవే."

అది భయంభయంగా పాత పందెం వీడియో తీసింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. అన్నిటికీ వెనకగా, తల కొంచెం పక్కకు వంచి, ఆ గుర్రం తాపీగా వస్తోంది. మలుపు దగ్గర ఒక్కసారిగా ముందుకొచ్చింది. ఇంతలో కాలు మడతపడింది. పడిపోలేదు. మూడు కాళ్ళ మీద ఇంకా పరిగెత్తబోయింది. మా అమ్మాయి ఆపబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, చివరిదాకా చూశారు.

"నా చిన్నప్పుడు ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు వరస కట్టేయి," అన్నారు. "తూము దగ్గర మా ఎద్దు కాలు జారి ఇరిగింది. మా నాన్న దాని మెడ మీద చెయ్యేసి ప్రార్థన చేశాడు. గొడ్డుకి ప్రార్థనేంటని బళ్ళోళ్ళంతా నవ్వారు. పొద్దుగూకేసరికి అది పోయింది. పోయాక కూడా మా నాన్న చెయ్యి తియ్యలేదు. ప్రార్థన ఆపలేదు."

లేచి నా దగ్గరికి వచ్చారు. నేను గోంగూర వలుస్తున్నాను. నా ఎదురుగా కూర్చుని ఒక కట్ట తీసుకున్నారు.

"ఆ గుర్రం పోయి చాలా ఏళ్ళయిందంట."

"అవునత్తయ్యా. మన అమ్మాయి పుట్టకముందే."

"అంటే నేను అడిగేటప్పటికే పోయింది."

"అవును."

ఆకులు వలుస్తూనే ఉన్నారు. "పోయినదాని కోసం ఇన్నాళ్ళు అడిగా. ఆయన నన్ను కోప్పడలేదమ్మాయ్. అడుగుతున్నంతసేపూ నాకు హాయిగానే ఉంది."

నేను ఇంకో కట్ట విప్పాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ ఆవిడ మళ్ళీ లేచారు. వద్దని మా ఆయన ఆవిడ చెంగు పట్టుకుంటే విదిలించుకున్నారు. "పోయిన వారం నేను చెప్పింది తప్పండీ. నాకు తెలీక చెప్పా. ఆ పిల్ల ఫోన్లో బొమ్మ. అసలుది గుర్రం. అది లేవలేదు, చచ్చిపోయింది. దేవుడి పేరున తప్పు మాట ఉండకూడదని చెప్తున్నా," అన్నారు. వెనక వరసల్లో కుర్రవాళ్ళు నవ్వారు. నవ్వు సద్దుమణిగేదాకా ఆవిడ నిలబడే ఉన్నారు, అప్పుడు కూర్చున్నారు. మా అమ్మాయి ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. నవ్వినవాళ్ళను లేచి నాలుగు తిట్టాలని నాకు అనిపించింది. అంత కోపం ఆవిడ తరఫున నాకు ఎన్నడూ రాలేదు.

ఆ సాయంత్రం మా ఆయన ప్రార్థన మొదలుపెట్టబోతుంటే, "నేను చేస్తాలేరా," అన్నారు. పాట అయింది. కళ్ళు మూసుకున్నాం. మా ఆయన పేరు వచ్చింది, షెడ్డు వచ్చింది. నా పేరు వచ్చింది, నా నడుం వచ్చింది. ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి తర్వాత ఏమీ రాలేదు. ఎంతసేపటికీ రాకపోతే కళ్ళు తెరిచాను. ఆవిడ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నారు.

"వాడికి ఏం అడగమంటావమ్మాయ్?" అన్నారు.

ఇన్నేళ్ళు పోట్లాడాను కదా, జవాబు నా దగ్గర ఉండాలి. లేదు. పరీక్షలు లేవు వాడికి. ఉద్యోగం అక్కర్లేదు, పెళ్ళి అక్కర్లేదు, జ్వరం తగ్గాల్సిన పని లేదు. బతికున్న బిడ్డలకు అడిగేవి ఏవీ వాడికి పనికిరావు. వాడు పోయాడని ఆ చాప మీద, ఆ ప్రశ్న ముందు, నాకు పూర్తిగా తెలిసింది. ఆవిడ ఇన్నాళ్ళూ ఆ పేరు దగ్గర ఎందుకు ఆగిపోయారో కూడా అప్పుడే తెలిసింది.

"ఏమీ అడక్కండత్తయ్యా," అన్నాను. "పేరు చెప్పండి చాలు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పేరు చెప్పారు. రికార్డుల్లో పేరు కాదు, ఇంట్లో పిలుచుకునే పేరు. ఆ పేరు దగ్గరే ఆగిపోయారు. మా అమ్మాయి పేరు ఇంకా రాలేదు, చుట్టాలు రాలేదు, పై వాటా పసిబిడ్డ రాలేదు. ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. అయినా మా ఆయన పెద్దగా ఆమెన్ అనేశారు.

మేమూ అన్నాం.